రిపోర్టు కింద ఒక్క తెలుగు ముక్క రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం ఇదే పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి ఆస్పత్రికి వచ్చినవాళ్లని సీటీ స్కాన్‌తో సరిపెట్టేస్తున్నారని, ఉన్నోళ్లకి ఎమ్మారై, లేనోళ్లకి సీటీ అన్నట్టు తయారైందని, పక్షవాతం అని అనుమానం వస్తే అందరికీ ముందే ఎమ్మారై తీయాలని ఆయన రాశారు. ఆయన బాధ నాకు అర్థమైంది. అయితే ఆ ఉత్తరం చదివి రేపు ఎవరైనా సీటీ గది ముందు నిలబడి ‘మాకిది వద్దు’ అని పేచీ పెడితే నష్టపోయేది బల్లమీద పడుకున్న మనిషి. అందుకే ఇది రాస్తున్నాను.

నేను 31 ఏళ్లు ఎక్స్‌రే గదుల్లో పనిచేశాను. చివరి 19 ఏళ్లు సీటీ మెషిన్ దగ్గరే. డాక్టర్ని కాను, మందుల సంగతి నన్ను అడగొద్దు. పేషంటుని బల్ల ఎక్కించినప్పటి నుంచి ఫిలిం కవరు చేతికిచ్చేదాకా ఏం జరుగుతుందో మాత్రం నాకు బాగా తెలుసు. ఆ కవరు పట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ల మధ్య ఏం జరుగుతుందో మా బావ పడిపోయిన రోజు దాకా తెలియలేదు.

మా అక్కను ఇచ్చింది కాణిపాకం పక్కన ఒక పల్లెకి. బావకి నాలుగెకరాల మామిడి తోట, అంతా తోతాపురి. రెండేళ్ల కిందట జూన్ నెల. కాయ కోసి ట్రాక్టరుకి ఎత్తి, బావ, ఆయన కొడుకు (నాకు మేనల్లుడు, అల్లుడనే అంటాను) ఇద్దరూ రాత్రంతా జ్యూస్ ఫ్యాక్టరీ ముందు క్యూలో ఉన్నారు. మన జిల్లాలో మామిడి రైతుకి ఆ క్యూ ఏంటో చెప్పక్కర్లేదు. తెల్లవారి 5 గంటల 10 నిమిషాలకి టీ తాగుతుంటే బావ కుడి చేతిలోంచి గ్లాసు జారింది. వంగి తీసుకోబోయి పక్కకి ఒరిగాడు. ‘ఏం నాయనా’ అంటే ఏదో అన్నాడు గానీ మాట ముద్దముద్దగా వచ్చింది. టైము అంత ఖచ్చితంగా ఎలా తెలుసంటే, అప్పుడే మా అల్లుడు టీకి ఫోన్లో డబ్బులు కొట్టాడు. ఆ మెసేజి ఇప్పటికీ ఉంది.

నిద్ర లేదు కదా, షుగర్ పడిపోయి ఉంటుందని పక్క ట్రాక్టరాయన సోడా తాగించాడు. పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యాడు. (ఇలాంటప్పుడు నోట్లో చుక్క నీళ్లు కూడా పొయ్యకూడదు. గొంతు సగం పనిచెయ్యదు, తాగింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.) ఆటోలో పడుకోబెట్టి ఊళ్లోని ఒక ఆస్పత్రికి తీసుకొచ్చేసరికి ఆరు దాటింది. ఆ ఆస్పత్రి పేరు రాయను, వాళ్లు చెయ్యాల్సింది చాలావరకు సరిగానే చేశారు. వేలు గుచ్చి షుగర్ చూశారు, 132 ఉంది. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది కాబట్టి అది ముందు చూడాల్సిందే. 6.25కి తలకి సీటీ తీశారు. ఏడుకల్లా రిపోర్టు వచ్చింది.

నేనప్పుడు తిరుపతిలో, కొర్లగుంటలో కూతురింట్లో ఉన్నాను. ఏడు గంటల ఐదు నిమిషాలకి అల్లుడు ఫోన్ చేశాడు. సంగతంతా గబగబా చెప్పి, ‘మామా, సీటీ తీసినారు, నార్మల్ అంట’ అన్నాడు.

నేను ‘హమ్మయ్య’ అన్నాను.

సంపాదకులు గారూ, ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట గురించే. నా హమ్మయ్యకి అర్థం: మెదడులో రక్తం కారలేదు, ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, పరుగెత్తండి. వాడికి అర్థమైంది: ఇంత అనుభవమున్న మామ కూడా హమ్మయ్య అన్నాడు, ఇంక భయం లేదు. 19 ఏళ్లు అదే మెషిన్ ముందు కూర్చున్నవాణ్ని, ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో ఆ క్షణాన నాకు తట్టలేదు. ‘నేను బస్సెక్కుతున్నా, వాళ్లు చెప్పినట్టు చెయ్యి’ అని పెట్టేశాను.

ఇక్కడ కొంచెం విడమరిచి చెప్పాలి. పక్షవాతం రెండు రకాలు. పొలానికి నీళ్లు అందలేదంటే తూము పూడిపోయి ఉండాలి, లేదా కాలవ గట్టు తెగి ఉండాలి. మెదడులోనూ అంతే. రక్తనాళంలో గడ్డ అడ్డం పడటం ఒకటి, నాళం చిట్లి రక్తం బయటికి రావడం ఇంకొకటి. మనిషిని చూసి ఏదో చెప్పడం ఎంత పెద్ద డాక్టరుకైనా కుదరదు, చెయ్యి రెంటిలోనూ ఒకేలా పడిపోతుంది. గడ్డని కరిగించే ఇంజెక్షన్ మొదటిదానికి పనికొస్తుంది. అదే ఇంజెక్షన్ రెండోదానికి ఇస్తే కారుతున్న రక్తం ఇంకా కారి మనిషి పోతాడు. కాబట్టి అందరికన్నా ముందు తేల్చాల్సింది ఒక్కటే: లోపల రక్తం ఉందా, లేదా?

ఆ ప్రశ్నకి సీటీ అంత త్వరగా, అంత తేలిగ్గా జవాబు చెప్పే పరికరం ఇంకోటి లేదు. ఎక్స్‌కిరణాలు ఏ పదార్థంలోంచి ఎంత దాటాయో కొలిచి దానికో అంకె ఇస్తుంది. నీళ్లకి సున్నా, గాలికి మైనస్ 1000. మెదడుకి సుమారు 25 నుంచి 40 దాకా. కొత్తగా కారి గడ్డకట్టిన రక్తానికి 60, 70 ఆ చుట్టుపక్కల. తెరమీద బూడిదరంగు మెదడులో ఆ రక్తం సున్నం చుక్క పెట్టినట్టు తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. చాలాసార్లు పేషంటుని బల్ల దించకముందే నాకు తెలిసిపోయేది. తలకి మాత్రమే తీసే మామూలు సీటీ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మనిషి కాస్త కదిలినా, వాంతులు చేసుకుంటున్నా, గుండెకి పేస్‌మేకర్ ఉన్నా పర్వాలేదు. రేడియేషన్ అని భయపడేవాళ్లకి ఒక మాట: తల సీటీకి పడేది సుమారు 2 మిల్లీసీవర్టులు. నేల నుంచి, ఆకాశం నుంచి ఏడాది పొడుగునా మనకు ఊరికే పడేది ప్రపంచ సగటున 2.4.

ఈ మెషిన్‌ని తయారు చేసింది ఎవరో తెలిస్తే పాతతరం వాళ్లకి సరదాగా ఉంటుంది. కుక్క బొమ్మ గ్రామఫోను రికార్డులు గుర్తున్నాయా? ఆ హెచ్‌ఎంవీ రికార్డులు ఎవరివో, ఈ మెషినూ ఆ ఇంగ్లండ్ కంపెనీ ఈఎంఐదే. అందులో పనిచేసే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు ఊహించింది. 1971 అక్టోబర్ 1న లండన్‌లో వింబుల్డన్ దగ్గరి ఆస్పత్రిలో మొదటి పేషంటుకి తీశారు. 1979లో ఆయనకి, లెక్క కట్టిన కార్మాక్‌కి కలిపి నోబెల్ ఇచ్చారు. నేను చెప్పిన ఆ అంకెలకి ఇప్పటికీ హౌన్స్‌ఫీల్డ్ పేరే.

మరి సీటీకి చేతకానిది? గడ్డ అడ్డుపడిన మొదటి కొన్ని గంటల్లో మెదడు సీటీలో చాలామందికి మామూలుగానే కనిపిస్తుంది. కళ్లు బాగా అలవాటైనవాళ్లు కొన్ని సన్నటి గుర్తులు పట్టుకుంటారు గానీ అందరిలో అవి ఉండవు. చచ్చిపోతున్న చోట నీరు పట్టి నల్లబడటానికి టైము పడుతుంది. మర్నాడు తీసిన సీటీలో చాలామందికి అదే చోట నల్లటి మచ్చ కనపడుతుంది. అంటే చెయ్యి పడిపోయి, మాట పోయిన మనిషికి మొదటి గంటల్లో సీటీ నార్మల్ అని వస్తే, అది గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమే అయ్యుంటుందన్న అనుమానం పెరుగుతుంది. ఇంజెక్షన్‌కి దారి దొరికినట్టు. మన జనం చెవికి అది ‘ఏమీ లేదు’ అని వినపడుతుంది.

పక్షవాతం మొదలైన 3 గంటల్లోపు ఆ ఇంజెక్షన్ ఇస్తే మేలని 1995లో అమెరికా పరిశోధన తేల్చింది. 2008లో యూరప్ వాళ్లు దాన్ని నాలుగున్నర గంటలకి పెంచారు. సర్వరోగ నివారిణి ఏమీ కాదు. ఆ 1995 లెక్క ప్రకారం ఇంజెక్షన్ వేసినవాళ్లు దాదాపు అవిటితనం లేకుండా బయటపడే అవకాశం, వెయ్యనివాళ్ల కన్నా కనీసం 30 శాతం ఎక్కువ. నూటికి ఆరుగురికి మెదడులో రక్తం కారి పరిస్థితి ముదిరింది కూడా. కాబట్టే స్కాన్ చూడకుండా ఎవరూ సూది పట్టుకోరు.

మా బావకి ఆ నాలుగున్నర గంటలు 9.40తో అయిపోతాయి.

నేను 7.20కి బస్సెక్కాను. చంద్రగిరి దాటాక చేస్తే అల్లుడి ఫోన్ స్విచ్చాఫ్. రాత్రంతా క్యూలో వాడిన ఫోను, ఛార్జింగ్ ఎక్కడిది. అక్కకి చేస్తే ‘డాక్టర్లు నార్మల్ అన్నారంటరా, స్కానింగుకి పోయినారు’ అంది. ఏ స్కానింగు అంటే ఆమెకి తెలీదు. పూతలపట్టు దాకా ఎన్నిసార్లు చేశానో. ఆస్పత్రికి చేరేసరికి 9.20. అక్కడ లేరు. ఆయాని అడిగితే ఎమ్మారై సెంటరుకి పోయారంది. ఆటో పట్టుకుని వెళితే బెంచీ మీద బావ, కొడుకు భుజానికి ఆనుకుని కూర్చోనున్నాడు, ఒళ్లో ఆ సీటీ కవరు. పొద్దున 7.30 నుంచి అక్కడే. సెంటరు తెరిచేది తొమ్మిదికి.

అల్లుడి తప్పు లేదు. ఆస్పత్రిలో కుర్ర డాక్టరు చెప్పాడట. తర్వాత నేనే వెళ్లి అడిగితే, ‘చెప్పాను సార్, బ్లీడ్ లేదు, ఇస్కీమిక్ అయ్యుండొచ్చు, థ్రాంబోలైసిస్‌కి రిఫర్ చేస్తున్నా అని’ అన్నాడు. (రక్తం కారలేదు, గడ్డ అడ్డుపడి ఉండొచ్చు, దాన్ని కరిగించే ఇంజెక్షన్‌కి వేరే చోటికి పంపుతున్నా అని అర్థం.) అతను అబద్ధం ఆడటం లేదు, చీటీ కూడా రాసిచ్చాడు. ఆ నాలుగు ముక్కల్లో రాత్రంతా నిద్రలేని రైతుబిడ్డ చెవికి ఎక్కింది ‘లేదు’ ఒక్కటే. చీటీ ఇంగ్లిషులో ఉంది. రిపోర్టు చివర ‘నార్మల్ స్టడీ’ అని ఉంది, ఆ మాట అందరికీ తెలుసు. అక్కడే ఉన్న ఎవరో బంధువు, ‘సీటీలో ఏం తెలస్తాది, ఎమ్మారై తీయిస్తే అంతా బయటపడతాది’ అన్నాడు. రిఫర్ చేసింది దానికేననుకుని బయల్దేరారు.

లోపలికి తీసుకుపోయేటప్పటికి 9.35. ఎమ్మారై గదిలోకి పోయే ముందు కాగితం నింపాలి: గుండెలో పేస్‌మేకర్ ఉందా, చెవిలో మెషిన్ ఉందా, తలలో క్లిప్పు ఉందా, కంట్లో ఎప్పుడైనా ఇనుపరజను పడిందా. జవాబు చెప్పాల్సిన మనిషికి మాట లేదు. బావ వయసులో ఉన్నప్పుడు బోర్లు వేసే లారీ మీద పనిచేశాడని, ఒకసారి కంట్లో ఏదో పడి ఆస్పత్రికి పోయాడని నాకు గుర్తుంది. చెప్పాను. చెప్పాక ముందు కంటికి ఎక్స్‌రే తీయక తప్పదు, ఆ అయస్కాంతం దగ్గర చిన్న ఇనుప ముక్క కదిలినా చూపు పోతుంది. తర్వాత మొలతాడు. వెండిది. వెండి అయస్కాంతానికి అతుక్కోదు గానీ ఒంటి చుట్టూ ఉంగరంలా ఉంటే వేడెక్కి కాలుతుంది. దానికి కట్టిన తాయెత్తులో ఏముందో కట్టినాయనకే తెలియాలి. కత్తిరించబోతే బావ బాగున్న ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు. అక్క వచ్చి చెవిలో ఏదో చెప్పాక వదిలాడు. అదంతా అయి లోపల పడుకోబెట్టేసరికి పది దాటింది.

అసలు రోగం ఏంటన్న ప్రశ్నకి మాత్రం ఎమ్మారై అద్భుతంగా జవాబు చెప్పింది, అది ఒప్పుకోవాలి. డిఫ్యూజన్ అనే ఒక పద్ధతి ఉంది. రక్తం అందని కణం ఉబ్బిపోతుంది, దాంతో నీటి కదలిక బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకుపోవడాన్నే మెషిన్ తెల్లగా చూపిస్తుంది, కొద్ది నిమిషాల్లోనే మొదలవుతుంది. బావ మెదడు ఎడమ పక్క చిక్కుడుగింజంత చోటు దీపం వెలిగినట్టు తెల్లగా ఉంది. సీటీలో అదే చోట ఏమీ లేదు, నేను ఎదురుగా పెట్టి చూశాను. రోగం ఏదో, ఎక్కడో, నిలువెత్తు సాక్ష్యం. సూదికి టైము మించి అరగంట పైనయింది.

తర్వాత పెద్దాస్పత్రిలో రంగు ఎక్కించి రక్తనాళాల సీటీ తీశారు. మెడలోనో తలలోనో పెద్ద నాళం మూసుకుపోయుంటే తొడ దగ్గర్నుంచి తీగ పంపి గడ్డని లాగెయ్యొచ్చు. మామూలుగా 6 గంటల్లోపు, మెదడు ఇంకా మిగిలుందని స్కాన్‌లో తేలితే కొందరికి 24 గంటల దాకా చేస్తున్నారు. బావది చిన్న కొమ్మ, తీగ పోయే చోటు కాదు. బిళ్లలు, ఫిజియోథెరపీ.

ఎమ్మారై వద్దని నేను అనను. తల తిరగడం, రెండురెండుగా కనపడటం, నడిస్తే తూలిపోవడం, ఇవి మెదడు వెనక భాగం గొడవలు. అక్కడ చుట్టూ మందపాటి ఎముక, సీటీలో నీడలు పడి సరిగా తేలదు, ఎమ్మారై కావాల్సిందే. మొదటి రోజు కొన్నిసార్లు అదీ తప్పుతుంది, కాబట్టి స్కాన్ కన్నా డాక్టరు చూపే ముఖ్యం. రాత్రి బాగానే పడుకుని పొద్దున లేచేసరికి చెయ్యి పడిపోయినవాళ్లకి టైము ఎప్పుడు మొదలైందో తెలీదు, వాళ్లలో కొందరికి ఎమ్మారై చూసి ఇంజెక్షన్ ఇవ్వొచ్చని 2018లో తేలింది. కాన్పయిన కొద్దిరోజులకి విపరీతమైన తలనొప్పి, ఫిట్స్ వచ్చిన బాలింతలకి సిరల్లో గడ్డ ఉండొచ్చు, మామూలు సీటీ చాలాసార్లు దాన్ని దాటేస్తుంది. ఇంకోపక్క, జీవితంలో ఎప్పుడూ లేనంత తలనొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వస్తే రక్తం కారిందో లేదో ఆరు గంటల్లోపు తీసిన సీటీ చాలా నమ్మకంగా చెబుతుంది. ఏ మనిషికి ఏది అనేది లక్షణం చూసి, గడియారం చూసి తేల్చే సంగతి. ఆదివారం ఉత్తరం రాసినాయన అనుకున్నట్టు జేబు చూసి కాదు. కొన్ని పెద్ద చోట్ల పది నిమిషాల్లోపు అయ్యే పొట్టి ఎమ్మారైతోనే మొదలుపెడతారు, వాళ్లకి అన్ని ఏర్పాట్లూ గేటు దగ్గరే ఉంటాయి. మన దగ్గర తొమ్మిదికి తెరిచే సెంటరు ముందు బెంచీ ఉంటుంది.

నేను అడిగేది చాలా చిన్నది. తలకి సీటీ తీసే ప్రతి చోటా, రిపోర్టు కింద తెలుగులో ఈ ముక్క వెయ్యండి: ‘ఈ స్కాన్‌లో రక్తం కారినట్టు కనపడలేదు. అంటే పక్షవాతం లేదని కాదు. ఇంజెక్షన్‌కి టైము దాటకముందే డాక్టరు పంపిన చోటికి ఇప్పుడే వెళ్లండి.’ దాని పక్కన ఒక ఖాళీ గడి: మనిషి చివరిసారి మామూలుగా ఉన్న టైము. అది సీటీ గదిలోనే అడిగి రాసేస్తే తర్వాత ఎవరు ఏ ఆస్పత్రికి తీసుకుపోయినా మళ్లీ మొదట్నుంచి చెప్పుకునే పని ఉండదు. రక్తం ఉందని తేలితే వేరే ముక్క కావాలి, అది డాక్టర్లు రాయాలి, నా వల్ల కాదు. సరిహద్దు మండలాల వాళ్లు వేలూరు పోతారు కాబట్టి తమిళంలో కూడా ఉంటే మంచిదే.

మీ పత్రికకీ ఒక మనవి. బంగారం ధరలు, రైళ్ల వేళలు రోజూ వేస్తారు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో రాత్రీ పగలూ సీటీ ఎక్కడ నడుస్తుంది, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎక్కడ స్టాకుంటుంది, వారానికొకసారి ఆస్పత్రుల నుంచి కనుక్కుని జిల్లా పేజీలో వెయ్యగలరా? 108 వాళ్లకి తెలిసే ఉంటుంది. ఆటోలో తీసుకొచ్చేవాళ్లకే తెలీదు, మా అల్లుడికి తెలియనట్టే.

బావ ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. కుడి చేత్తో గ్లాసు పట్టుకోలేడు. మాటల్లో పేర్లు దొరకవు, నన్ను చూసి ‘ఇదో... ఇదో...’ అని ఆగిపోతాడు, అక్క అందిస్తుంది. ఆ పొద్దు టైముకి ఇంజెక్షన్ పడితే పూర్తిగా బాగయ్యేవాడా అని అల్లుడు ఇప్పటికీ అడుగుతాడు. ఎవరూ చెప్పలేరురా అంటాను. నిజమే అది.

పైన రాసిన ముక్కతో నేనే ఒక రబ్బరు స్టాంపు చేయించాను. తెలిసిన ఒక స్కాన్ సెంటరు కుర్రాడికి ఇస్తే వారం రోజులు వేశాడు, ఇంకు ప్యాడు ఎండిపోయాక మానేశాడు. స్టాంపు తెచ్చుకున్నాను, సొరుగులో ఉంది. ఎవరైనా వేస్తామంటే కొత్త ప్యాడుతో సహా నేనే తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సీటీ టెక్నీషియన్,
మిట్టూరు, చిత్తూరు